తాతయ్య ప్రీమియం ఎందుకు పెరిగింది?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ నాన్న నా పేరున ఆరోగ్య బీమా తీసుకోబోతే, నాకు షుగరు ఉందని ఆ కంపెనీవారు ప్రీమియం పెంచి, దానివల్ల వచ్చే జబ్బులకు మూడేళ్లదాకా డబ్బు ఇచ్చేది లేదని చెప్పారు. "జబ్బున్నవాళ్లకే కదా బీమా కావాలి, మరి వాళ్లకే ఎందుకివ్వరు?" అని మీరిద్దరూ అడిగితే ఆ రోజు నవ్వి ఊరుకున్నాను. అది నవ్వి ఊరుకోవలసిన ప్రశ్న కాదు.

బీమా అంటే ఉమ్మడి నిధి. వంద మంది చేరిన నిధిలో ఏటా ఇద్దరికి గుండె ఆపరేషను అవసరమవుతుందనీ, ఒక్కొక్కదానికి 2 లక్షల రూపాయలవుతుందనీ అనుకోండి. తలా 4,000 వేసుకుంటే సరిపోతుంది. ఏదో ఒక ఏడు అయిదుగురికి అవసరం పడితే తలా 10,000 కావాలి, నిధి అక్కడితో మునుగుతుంది. అదే లక్ష మంది ఉంటే ఆపరేషన్లు సుమారు 2,000. ఆ అంకె ఏ ఏడాదైనా వందకు మించి అటూ ఇటూ కదలడం అరుదు కనుక, 4,000 మీద మరో రెండు వందలు వేసుకుంటే దిగులుండదు. కంపెనీకి ఇంకో భయమూ ఉంది: జబ్బున్నవాళ్లే ఏరికోరి వచ్చి చేరతారని. అందుకే నాలాంటివాణ్ణి వడపోస్తుంది. దేశంలో పుట్టిన ప్రతివారూ ఒకే నిధిలో ఉంటే ఆ వడపోతే అక్కర్లేదు.

ఇలాంటి ఉమ్మడి నిధులు మనకు లేక కాదు. 1948 నాటి చట్టంతో తక్కువ జీతాల కార్మికులకు ఈఎస్‌ఐ, 1954లో కేంద్ర ఉద్యోగులకు సీజీహెచ్‌ఎస్, 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ, 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చాయి. అన్నీ మేలు చేసినవే, కానీ వాటి మధ్య గోడలున్నాయి. వరంగల్‌లో నా స్నేహితుడి కొడుకు జీతం 21,000 దాటింది. ఆ అర్ధ సంవత్సరం ముగియగానే ఈఎస్‌ఐకి జీతంలోంచి కోత ఆగింది, కొన్నాళ్లకు వైద్యమూ ఆగిపోయింది. ఆరోగ్యశ్రీకి కావలసిన తెల్ల రేషన్ కార్డుకు ఆదాయం ఎక్కువ, ప్రైవేటు పాలసీకి తక్కువ. చెల్లని ఆ ఈఎస్‌ఐ కార్డును అతను ఇప్పటికీ పర్సులోంచి తీయలేదు.

దక్షిణ కొరియావారిదీ మొదట ఇదే తంతు. 1977లో 500 మందికి పైగా పనిచేసే సంస్థలతో మొదలుపెట్టి, 1989 నాటికి అందరినీ బీమాలోకి తెచ్చారు గాని, నిధులు మాత్రం 350కి పైగా ఉండేవి. ముసలివాళ్లు ఎక్కువగా ఉన్న పల్లెల నిధులు అప్పుల్లో కూరుకుపోతే, పెద్ద కంపెనీల నిధుల్లో డబ్బు మూలుగుతుండేది. మా సొమ్ము వాళ్లకెందుకని కంపెనీ ఉద్యోగులు గట్టిగానే ఎదిరించారు. వారి మాటను స్వార్థమని నేను కొట్టిపారేయను. నెలనెలా జీతంలోంచి పోయినది వారి డబ్బే. అయినా 2000 జూలైలో అన్నిటినీ ఒక్కటి చేశారు. ఆసుపత్రులతో ధర మాట్లాడేది ఒక్కరే అయ్యారు. అలాగని అక్కడ వైద్యం ఉచితమేమీ కాదు, రోగి చేతినుంచి పెట్టుకునే వాటా ఇప్పటికీ బాగానే ఉంది.

మన దగ్గర చిక్కు వేరే ఉంది. కూలికి, కౌలురైతుకు జీతం చీటీ ఉండదు, నెలనెలా బీమా వంతు కోసుకోవడానికి. కాబట్టి వారి వంతు పన్నుల్లోంచే రావాలి. అంటే మీ నాన్న పన్నులోంచీ, మీరు కొనే బిస్కట్ల మీద జీఎస్టీలోంచీ కూడా. ఈ మాట నాన్నకు చదివి వినిపించి, ఏమన్నాడో నాకు రాయండి.

మీ తాతయ్య