తిరునాళ్ళలో తప్పిపోయిన నీలం

చిన్నూకీ, బుజ్జికీ,

భోగి పొద్దున సూర్యుడు కోడిగుడ్డు సొనలా ఎర్రగా కనిపించాడటగా! "మధ్యాహ్నం చూడలేని సూర్యుణ్ణి అప్పుడెలా చూడగలిగాం తాతయ్యా?" అన్న మీ ప్రశ్న అమ్మ ఫోన్లో చదివి వినిపించింది.

ఎండలో రంగులన్నీ కలిసే బయల్దేరతాయి. మధ్యలో ఉన్న గాలిని కోటప్పకొండ తిరునాళ్ళ అనుకోండి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు శివరాత్రికి నాన్న చెయ్యి పట్టుకుని వెళ్ళాను. ఆయనవి పెద్ద అంగలు, జనంలోంచి నేరుగా నడిచిపోయాడు. నేనేమో ఒకరి మోకాలు తగిలి ఇటు, ఒకరి బుట్ట తగిలి అటు పోయి, చివరికి ఒక గాజుల కొట్టు దగ్గర తేలాను. మైకులో నా పేరు పిలిచేదాకా కొట్టు ఆవిడ పెట్టిన జీళ్ళు తింటూ కూర్చున్నా. ఏడవలేదు. సరే, కొంచెం ఏడ్చాను.

ఎరుపు మా నాన్న, నీలం నేను. గాలి అణువుల మధ్య నీలం ఎరుపు కన్నా సుమారు 6 రెట్లు ఎక్కువగా చెదిరిపోతుంది. ఆకాశంలో ఎటు చూసినా కనిపించేది ఆ తప్పిపోయిన పిల్లలే. సూర్యుడు నడినెత్తిన ఉంటే తిరునాళ్ళ ఒక్క వీధే. పొద్దు పొడిచేటప్పుడు దాదాపు 40 వీధులు దాటాలి! అంత దూరం నడిచి మీదాకా వచ్చింది నాన్నలే, వాళ్ళలోనూ కొద్దిమందే. పైగా భోగిమంటల పొగ.

మరి పొగమంచు తెల్లగా ఎందుకుంటుంది? తిరునాళ్ళలోకి ప్రభ, అంటే అలంకరించిన ఎత్తైన కట్టడం, వస్తే పెద్దా చిన్నా అందరూ చెదరాల్సిందే. మంచు బిందువులు అలాంటి ప్రభలు, ఏ రంగునీ వదలవు. ఊదా సంగతి అడిగితే మాత్రం నా తిరునాళ్ళ పనికిరాదు. అది నీలం కన్నా ఎక్కువే చెదురుతుంది, కానీ ఎండలో దాని వాటా తక్కువ, మన కంటికీ అంతగా ఆనదు.

ఈ గాలి నన్ను ఉద్యోగంలోనూ ఏడిపించింది. కాలవ సర్వేలో, మే నెల మధ్యాహ్నం, ఎత్తుపల్లాలు చూసే లెవెల్ మిషన్‌లోంచి చూస్తే దూరంగా నిలబెట్టిన స్టాఫ్ అనే కొలకర్ర మీది అంకెలు చేపపిల్లల్లా ఆడేవి. నేల వేడికి గాలి కదిలిపోతుంటే వెలుగు కూడా వంకర్లు పోతుంది. నేను మొండిగా రీడింగులు రాసుకున్నా. మర్నాడు పొద్దున మళ్ళీ తీస్తే ఒక్కటీ కలవలేదు! మిషన్ పాడైందని పేచీ పెట్టాను. మా పెద్ద సర్వేయరు నవ్వి, "ఎండెక్కక ముందే ముగించు, మిషన్ని రెండు స్టాఫులకీ సమాన దూరంలో పెట్టు" అన్నారు. 200 ఏళ్ళ కిందట మన కృష్ణా గోదావరుల మధ్య కొలతలు తీసిన బ్రిటిష్ సర్వేయరు ఎవరెస్ట్ దొర కూడా దూరపు గుర్తుల దగ్గర రాత్రిపూట దీపాలు పెట్టించి చూసేవాడు. పనిముట్టును తిట్టే ముందు మధ్యలో ఏముందో చూసుకోవాలర్రా.

ఇంకో చిత్రం చెప్పనా? మీ వైజాగ్ బీచ్‌లో సూర్యబింబం అడుగు అప్పుడే నీళ్ళని వదిలినట్టు కనిపిస్తుందే, ఆ క్షణానికి అసలు సూర్యుడు ఇంకా సముద్రం అంచు కిందే ఉంటాడు. గాలి వెలుగును వంచి, ఆయన్ని పైకెత్తి మనకు చూపిస్తుంది.

ఈ ఆదివారం నాన్నని లేపి తీసుకెళ్ళండి. కళ్ళు చికిలించాల్సి వస్తే వెంటనే చూపు తిప్పేయాలి. సూర్యుడు గుండ్రంగానే ఉన్నాడా, లేక అడుగున ఎవరైనా నొక్కినట్టున్నాడా? బొమ్మ గీసి పంపండి.

మీ తాతయ్య