పూసల సంచీ, పెంగ్విన్ ఎముకలూ

చిరంజీవులకు,

ఆశీస్సులు. మొన్న మీరు పెంగ్విన్ల గుంపు వీడియో చూపించి ఒక ప్రశ్న అడిగారు. నేను నవ్వి ఊరుకున్నాను. "తాతయ్యా, ఇవి లక్షల్లో ఉన్నాయి, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. మరి పెంగ్విన్లు అంతరించిపోతున్నాయని ఎందుకు గోల?" అన్నది మీలో అందరికంటే చిన్నది. అప్పుడు నవ్వాను గానీ, ఆ రాత్రి నిద్రపట్టలేదు. అడిగింది చిన్న ప్రశ్న కాదు. ఫోనులో చెబితే మధ్యలో ఎవరో ఒకరు లేచి వెళ్లిపోతారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ "ఒకే అచ్చు" సంగతి చూద్దాం. కింగ్ పెంగ్విన్ సముద్రంలో చేపలు మింగి ఒడ్డుకు తిరిగొచ్చేసరికి అక్కడ వేల పిల్లలు గుంపుగా నిలబడి ఉంటాయి. అన్నిటికీ గోధుమరంగు నూగే. తల్లి ఒక్క కేక వేస్తుంది. ఆ గోలలోంచి తన పిల్ల గొంతును పట్టుకుని నేరుగా దాని దగ్గరికే వెళ్తుంది. పక్క పిల్ల ఎంత బతిమాలినా చేప పెట్టదు. ఒకేలా కనిపించేది మన కళ్లకే. ఆ మాటకొస్తే మగదేదో ఆడదేదో కూడా మనకు చూపుతో తెలియదు. జంతుప్రదర్శనశాలల్లో ఏళ్ల తరబడి వాటిని సాకినవాళ్లే రక్తపు చుక్కో ఈకో తీసి డీఎన్ఏ పరీక్షకు పంపి తెలుసుకుంటారు.

అసలు తేడాలు లోపల ఉంటాయి. జీవి శరీరం ఎలా తయారవ్వాలో చెప్పే సూచనలే జన్యువులు. ఒకే జన్యువుకు చిన్న చిన్న మార్పులతో రకరకాల రూపాలు ఉండవచ్చు. పిల్లకు సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి. ఒక జాతిలో ఇలాంటి రూపాలు ఎన్ని రకాలు ఉన్నాయన్నదే జన్యు వైవిధ్యం. ముఖ్యంగా రోగక్రిములను గుర్తుపట్టే జన్యువులు తాళంచెవుల గుత్తి లాంటివి. గుత్తిలో చెవులు ఎక్కువ రకాలుంటే, కొత్త తాళం ఎదురైనప్పుడు ఏదో ఒకటి పట్టే అవకాశం ఉంటుంది. గుంపులో అందరి దగ్గరా అవే రెండు మూడు చెవులుంటే, తెరుచుకోని తాళం ఒక్కటి వచ్చినా గుంపు మొత్తానికీ ముప్పే.

ఇప్పుడు ఒక ఆట ఆడండి. ఒక సంచిలో వంద పూసలు పోయండి. అయిదు రంగులు, రంగుకు ఇరవై చొప్పున. ఒక్కో పూస ఒక పక్షి అనుకోండి, రంగు దానిలోని జన్యువు రూపం అనుకోండి. కళ్లు మూసుకుని పది తీయండి. మిగతావి పక్కన పెట్టేసి, చేతిలో ఏ రంగులు ఎంత పాళ్లలో వచ్చాయో అదే పాళ్లలో మళ్లీ సంచిలో వంద నింపండి. మళ్లీ పది తీయండి, మళ్లీ నింపండి. మొదటిసారి అయిదు రంగులూ బతికి బయటపడవచ్చు, లేదంటే ఒకటి పోవచ్చు. ఇలా చేస్తూ పోతే రంగులు ఒక్కొక్కటే జారిపోయి, చివరికి ఒకటో రెండో మిగులుతాయి. సంచిలో ప్రతిసారీ వంద పూసలే ఉన్నాయి చూశారా! లెక్కపెడితే ఏమీ తగ్గినట్టు ఉండదు. ఈసారి పదికి బదులు యాభై తీస్తూ ఆడండి. చాలాసేపటి వరకు రంగులు చెక్కుచెదరవు.

ఈ ఆట నిజంగా జరిగిన చోటు ఒకటుంది, మక్వారీ దీవి. టాస్మేనియాకు ఆగ్నేయంగా, అంటార్కిటికా దారిలో, సముద్రం మధ్య సన్నటి గీతలా ఉంటుంది. 1810లో సీల్ వేటగాళ్లు దీన్ని కనుగొన్నారు. బొచ్చు కోసం సీళ్లను చంపారు, అవి తరిగిపోయాక నూనె కోసం ఏనుగు సీళ్లను చంపారు, ఆ తర్వాత కళ్లు పెంగ్విన్ల మీద పడ్డాయి. న్యూజిలాండ్ వ్యాపారి జోసెఫ్ హాచ్ మనుషులు పెద్ద పెద్ద ఇనుప ఆవిరి గుండిగల్లో పెంగ్విన్లను ఉడికించి నూనె తీశారు. ఒక్కో పక్షి నుంచి వచ్చేది అర లీటరుకు అటూ ఇటుగా. అర లీటరు! ఇది రాస్తుంటే నాకే చెయ్యి ఆగింది. దీవిలో కింగ్ పెంగ్విన్ల పెద్ద స్థావరాలు రెండు ఉండేవి. ఉత్తరం వైపుది పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది, లూసిటేనియా అఖాతం దగ్గరిది కొన్ని వేలకు పడిపోయింది. అంటార్కిటికా యాత్రికుడు డగ్లస్ మాసన్ వంటివాళ్లు గొడవ చేయగా చేయగా ఈ వ్యాపారం ఆగింది. 1933లో దీవిని అభయారణ్యంగా ప్రకటించారు. ఆ గుండిగలు తుప్పు పట్టి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, వాటి చుట్టూ పెంగ్విన్లు తాపీగా తిరుగుతుంటాయి.

పక్షులు మళ్లీ లక్షలకు చేరాయి. సంఖ్య వచ్చింది సరే, రంగులు వచ్చాయా? శాస్త్రజ్ఞులు ఆ ఖాళీ అయిన పాత స్థావరం మట్టిలోంచి దాదాపు వెయ్యేళ్ల నాటి ఎముకలు తీశారు. వాటి డీఎన్ఏను ఈనాటి పక్షుల డీఎన్ఏతో పోల్చి 2012లో ఫలితం ప్రకటించారు. వేటకు ముందున్నంత వైవిధ్యం ఇప్పుడూ ఉంది! నేను చదివిన పెంగ్విన్ కథల్లో నాకు ఎక్కువ సంతోషం కలిగించింది ఇదే. కష్టకాలం పెంగ్విన్ల లెక్కలో మరీ ఎక్కువ తరాలు సాగలేదు, మిగిలినవి వేలల్లో ఉన్నాయి, ఆ పైన సంఖ్య త్వరగా పెరిగింది. యాభై పూసలతో మీరు ఆడిన ఆట అన్నమాట. కింగ్ పెంగ్విన్లు దీవుల మధ్య దూరాలను లెక్కచేయకుండా తిరుగుతాయి కూడా. క్రోజే, కెర్గెలెన్ వంటి దూరపు దీవుల పక్షులు జన్యువుల లెక్కలో దాదాపు ఒకే పెద్ద కుటుంబమని 2018లో తేలింది.

అయితే ఎముకలు అడిగినప్పుడల్లా మంచి కబురే చెప్పవు. న్యూజిలాండ్‌లో పసుపు కళ్ల పెంగ్విన్ ఉంది. మావోరీలు దాన్ని హోయిహో అంటారు, గట్టిగా అరిచేది అని అర్థం. అక్కడి అయిదు డాలర్ల నోటు మీద ఉండేది దీని బొమ్మే. ఇది ఒకప్పుడు తీరమంతా కిటకిటలాడేదనీ, ఇప్పుడున్నవి ఆ పాత వైభవపు మిగులనీ అందరూ నమ్మేవారు. ఒటాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు దక్షిణ దీవి తీరంలో దొరికిన పాత ఎముకల డీఎన్ఏ చదివితే, అవి హోయిహోవి కానే కావు! అంతకుముందు ఎవరికీ తెలియని, కాస్త చిన్నదైన వేరే పెంగ్విన్‌వి. దానికి వైటహా అని పేరు పెట్టారు. మనుషులు ఆ దీవులకు చేరిన కొన్నాళ్లకే, 1300-1500 మధ్య, అది మాయమైపోయింది. అలా ఖాళీ అయిన తీరానికి దక్షిణాన ఉన్న చలి దీవుల నుంచి కొన్ని హోయిహోలు ఈదుకుంటూ వచ్చి స్థిరపడ్డాయి. పేరు పెట్టకముందే పోయిన జాతికి, పోయిన కొన్ని వందల ఏళ్లకు బారసాల చేసినట్టయింది.

దీనివల్ల లెక్కలన్నీ తలకిందులయ్యాయి. దక్షిణ దీవి తీరంలోని హోయిహోలు గుప్పెడు పక్షుల సంతానం, చిన్న సంచిలోంచి తీసిన పూసలు. పైగా ఆ చలి దీవుల్లో, అంటే ఆక్లాండ్ దీవులు, క్యాంప్‌బెల్ దీవిలో ఉన్న వాటి బంధువులు ఇటు రావడం చాలా అరుదని డీఎన్ఏ చెప్పింది. ఇక్కడివి తగ్గిపోతే అక్కడినుంచి వచ్చి నింపుతాయిలే అనుకోవడానికి వీల్లేదు. ఇటీవలి పదిహేనేళ్లలో ఈ తీరంలో గూళ్ల సంఖ్య దారుణంగా పడిపోయింది. వలల్లో చిక్కుకోవడం, ఆకలి, జబ్బులు, అన్నీ కలిసి వచ్చాయి. గుడ్డులోంచి వచ్చిన కొద్ది రోజులకే పిల్లల నోట్లో పుండ్లు పడి మింగలేక చనిపోతాయి. అందుకని కార్యకర్తలు వాటిని గూళ్లలోంచి తీసి డునెడిన్‌లోని వన్యప్రాణుల ఆసుపత్రికి మోసుకెళ్తారు. అరచేతిలో పట్టే పిల్లకు నోరు తుడిచి, మందు వేసి, గొట్టంతో తిండి పెట్టి, కోలుకున్నాక మళ్లీ గూటికి చేరుస్తారు. మీకు జ్వరం వచ్చినప్పుడు మీ అమ్మ కూడా అంత ఓపిక పట్టి ఉండదు. ఈ మాట అమ్మకు చెప్పకండి.

భూమధ్యరేఖ దగ్గర బతికే గాలాపాగోస్ పెంగ్విన్‌ది ఇంకో రకం కష్టం. చాలావరకు ఇసబెల్లా, ఫెర్నాండినా అనే రెండు దీవుల్లోనే ఉంటుంది. లోతు నుంచి పైకి వచ్చే చల్లటి నీరే దాని తిండికి ఆధారం. ఎల్ నినో అనే వాతావరణ మార్పు వచ్చిన ఏడాది సముద్రం వేడెక్కి చేపలు దొరకవు. 1982-83లో ఆ పక్షుల్లో 77 శాతం పోయాయి. కాస్త కోలుకునేలోగా 1997-98లో మళ్లీ 65 శాతం పోయాయి. పది పూసలు తీసి నింపడం, మళ్లీ తీయడం గుర్తుందా? అచ్చం అదే. రోగాలను గుర్తుపట్టే జన్యువులను పరిశీలిస్తే వీటిలో రకాలు చాలా తక్కువని తేలింది. గుత్తిలో తాళంచెవులు తరిగిపోయాయన్నమాట. సరిగ్గా ఇప్పుడే కొత్త తాళం గుమ్మంలోకి వచ్చింది. ఆ దీవులకు బయటినుంచి దోమలు చేరాయి, పక్షుల మలేరియాను కలిగించే జాతికి చెందిన పరాన్నజీవి 2009లో ఈ పెంగ్విన్ల రక్తంలో కనిపించింది. ఇలాంటి మలేరియా హవాయి దీవుల్లో పాటపిట్టలను ఎలా ఊడ్చేసిందో తెలిసినవాళ్లకు గుండె గుభేలుమంటుంది. జన్యువులను మనం పోసి నింపలేం. అందుకని 2010లో డీ బోయర్స్మా అనే శాస్త్రవేత్త బృందం లావా రాళ్లు పేర్చి 120 గూళ్లు కట్టింది. నీడ ఉన్న గూడు దొరికితే, మంచి ఏడు వచ్చినప్పుడు ఎక్కువ జతలు పిల్లల్ని పెంచుకోగలవు. సంచిలో చెయ్యి పెట్టిన ప్రతిసారీ మరో నాలుగు పూసలు ఎక్కువ వచ్చేలా చూడటమే అది.

ఆఫ్రికన్ పెంగ్విన్ సంగతి క్లుప్తంగా చెబుతాను. 2024లో దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. గుడ్లు పెట్టే జతలు పది వేలకన్నా తక్కువే మిగిలాయి. జంతుప్రదర్శనశాలల్లో పెరిగేవాటికి వంశావళి పుస్తకం ఉంటుంది. దాన్ని చూసే ఉద్యోగి పెళ్లిళ్ల పేరయ్యే అనుకోండి. ఏ పక్షికి చుట్టాలు తక్కువ ఉన్నారో వెతికి, ముందుగా దానికే సంబంధం చూస్తాడు, ఎందుకంటే దాని రంగు పూసలే సంచిలో తక్కువ. ఎంత కష్టపడి జత కలిపినా, ఆ రెండు పక్షులూ ఒకదాన్నొకటి ముక్కుతో పొడుచుకుని విడిపోతే చేసేదేమీ లేదు.

"లక్షల్లో ఉన్నాయి కదా" అన్నదానికి జవాబు ఈపాటికి మీకే తట్టి ఉంటుంది. ఎన్ని ఉన్నాయని అడిగే ముందు, ఏవి ఎన్ని అని అడగాలి. పెంగ్విన్లు 18 జాతులని ఎక్కువమంది లెక్క. జెంటూ అనేదాన్ని డీఎన్ఏ చూసి నాలుగు జాతులుగా విడదీయాలని 2020లో కొందరు శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. వారి మాట నిలబడితే, ఈరోజు నిశ్చింతగా "చాలా ఉన్నాయి" అంటున్న పక్షి రేపు నాలుగు చిన్న పద్దులుగా మారుతుంది. వాటిలో ఏ పద్దు ఖాళీ అవుతోందో అప్పుడు విడిగా చూడక తప్పదు.

ఆట పూర్తయ్యాక ఎన్నోసారికి ఏ రంగు పోయిందో కాగితం మీద రాసి నాకు పంపండి. ముగ్గురూ విడివిడిగా ఆడండి. ముగ్గురికీ ఒకే రంగు మిగలదని నా పందెం.

మీ తాతయ్య