అరవై ఏళ్ల గడువు ఎక్కడిది?

చెన్నైలో జీవితమంతా గడిపి ఇక్కడే కన్నుమూసిన ఒక తెలుగు కథకుడి సంపుటాన్ని మళ్లీ అచ్చు వేయడానికి ఒక చిన్న ప్రచురణ సంస్థ పూనుకుంది. వారసుల్లో ఒకరు సరేనన్నా మరొకరు ఒప్పుకోకపోవడంతో పని ఆగిపోయింది. దాంతో రచయిత మరణించాక కాపీరైటు ఎన్నేళ్లుండాలన్న పాత తగవు నగరంలోని తెలుగు సాహితీపరుల మధ్య మళ్లీ రాజుకుంది. రచయిత పోయిన మరుసటి సంవత్సరం ఆరంభం నుంచి 60 ఏళ్లని నేటి చట్టం చెబుతున్నది. 1957లో ఈ చట్టం చేసినప్పుడు ఆ గడువు 50 ఏళ్లే.

అదనంగా చేరిన ఆ పదేళ్ల చరిత్రను చూడాలి. 1941లో మరణించిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనలపై విశ్వభారతికి ఉన్న హక్కు 1991 డిసెంబరు 31తో తీరిపోవలసి ఉంది. సరిగ్గా మూడు రోజుల ముందు, డిసెంబరు 28న, పి.వి. నరసింహారావు ప్రభుత్వం గడువును పెంచుతూ ఆర్డినెన్సు తెచ్చింది. 1992లో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. ఒక్క రచయిత కోసం చట్టం చేయడాన్ని సమర్థించుకోలేం కనుక అందరికీ కలిపి పెంచుతున్నామన్నది అప్పుడు ప్రభుత్వం చెప్పిన కారణం. పదేళ్లే ఎందుకన్నదానికి ఇందులో జవాబు లేదు. 1940లో పోయిన గిడుగు రామమూర్తి రచనలు అప్పటికే ప్రజల సొత్తయ్యాయి. 1946లో పోయిన చిలకమర్తి లక్ష్మీనరసింహం రచనలు మాత్రం, ఠాగూర్ విషయంతో ఏ సంబంధమూ లేకపోయినా, 1996తో తీరవలసిన గడువు 2006 దాకా సాగి, మరో పదేళ్లు కట్టుబడి ఉండిపోయాయి.

ఇదే సమస్యకు అంతకు నాలుగు దశాబ్దాల ముందే మద్రాసు మరో పరిష్కారం చూపింది. 1921లో తిరువల్లిక్కేణిలో మరణించిన తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి పాటలను రికార్డు చేసే హక్కు సినీ నిర్మాత ఎ.వి. మెయ్యప్పన్ చేతిలో ఉండేది. నాటక కళాకారులైన టి.కె.ఎస్. సోదరులు తమ సినిమాలో భారతి పాట వాడుకున్నప్పుడు తగాదా వచ్చింది. ఒక కవి పాట ఒకరి సొంతం ఎలా అవుతుందని రచయితలు ఉద్యమించారు. 1949లో ఓమందూరు రామస్వామి రెడ్డియార్ ప్రభుత్వం భారతి రచనలను జాతీయం చేసింది. మెయ్యప్పన్ తన హక్కును ఉచితంగానే వదులుకున్నారు. భార్య చెల్లమ్మకు, ఇద్దరు కుమార్తెలకు ప్రభుత్వం సొమ్ము చెల్లించింది. అప్పటి చట్టం ప్రకారం 1971 దాకా ఉండవలసిన హక్కు అది. కుటుంబానికి దక్కవలసింది ముందే దక్కింది, పాట జనానికి దక్కింది. తమిళ రచయితల గ్రంథాలను ప్రభుత్వం ఇలా జాతీయం చేసి వారసులకు పరిహారం ఇచ్చే పద్ధతి తమిళనాట నేటికీ కొనసాగుతున్నది; ఇదే ఊళ్లో ఉండి రాసిన తెలుగువారికి ఆ ఏర్పాటు లేదు.

వారసుల మాటలోనూ బాధ ఉంది. బతికున్నప్పుడు ఏమీ సంపాదించుకోలేని రచయిత పేరు మీద ఇతరులు లాభపడటం, ఇష్టం వచ్చినట్లు పాఠాన్ని మార్చడం వారికి కష్టం కలిగిస్తాయి. అయితే రచనను వికృతం చేస్తే అడ్డుకునే హక్కు వారసులకు చట్టంలోని 57వ సెక్షన్ కింద విడిగానే ఉంది. 2012 సవరణ తర్వాత దానికి కాపీరైటు గడువుతో ముడి కూడా లేదు.

పానగల్ పార్కు చెట్ల కింద కూర్చుని ఎందరికో సాహిత్యం చెప్పిన మల్లాది రామకృష్ణశాస్త్రి 1965లో పోయారు. ఆయన జీవితకాలంలో అచ్చయిన కథలు 2026 జనవరి 1 నుంచి అందరివీ. 1980లో ఇక్కడే పోయిన కొడవటిగంటి కుటుంబరావు రచనలకు 2041 దాకా ఆగాలి. ఈలోగా హక్కుదారు ఎవరో తెలియకపోయినా, జాడ దొరకకపోయినా 31ఏ సెక్షన్ కింద లైసెన్సు అడగవచ్చు. అందుకు ముందుగా దేశంలో ఎక్కువ భాగం చేరే ఒక ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటన వేయాలి. ఈ దరఖాస్తులు వినే మేధో సంపత్తి అప్పిలేట్ బోర్డు ఒకప్పుడు చెన్నైలోనే ఉండేది. 2021లో దాన్ని రద్దు చేశాక వాణిజ్య కోర్టుకు లేదా హైకోర్టు వాణిజ్య విభాగానికి వెళ్లాలి. అయిదు వందల ప్రతులు వేసే ప్రచురణకర్తకు ఆ ప్రకటన ఖర్చు, వకీలు ఫీజు కలిపితే అచ్చు ఖర్చును మించిపోతాయి.