మిర్చి యార్డు త్రాసు, పరలోకపు స్వాస్థ్యము

గుంటూరు

ప్రియమైన పిల్లలకు,

మీ తాతయ్య ఆశీస్సులు. మొన్న సండే స్కూలు ముగిశాక మీలో ఒకరు, "మనసు పరలోకం మీద పెట్టుకోవాలంటే ఇక ఈ చదువులూ ఉద్యోగాలూ ఎందుకు తాతయ్యా?" అని అడిగినప్పుడు నేను నవ్వి ఊరుకున్నాను. జవాబు తెలియక కాదు, నిలబడి చెప్పేటంత చిన్నది కాక.

పైనున్నవాటిమీద మనసు పెట్టుకోమని అపొస్తలుడైన పౌలు కొలొస్సయులకు వ్రాసిన పత్రికలోని మాట మీకు కంఠస్థమే. మనం ఆ వచనం దగ్గర ఆగిపోతాం గాని ఆయన ఆగలేదు. అదే 3వ అధ్యాయంలో కోపం, దూషణ, అబద్ధం మానుకోమన్నాడు. పిల్లలు తల్లిదండ్రుల మాట వినాలన్నాడు. తండ్రులు పిల్లల మనసు కుంగేలా విసిగించకూడదన్నాడు (ఈ మాట మీ నాన్నలకు చూపించండి, నేను చెప్పానని మాత్రం అనకండి). ఆపైన 4వ అధ్యాయం మొదటి వచనంలో యజమానులతో, పరలోకంలో మీకూ ఒక యజమానుడున్నాడు కనుక దాసులకు న్యాయంగా ఇవ్వవలసింది ఇవ్వండి అన్నాడు.

పరిశుద్ధత సంగతీ అంతే. పరిశుద్ధులై ఉండమన్న ఆజ్ఞ లేవీయకాండము 19వ అధ్యాయం 2వ వచనంలో ఉంది. దాని వెంట వచ్చేవి ఏమిటో చూడండి: పొలం అంచుల దాకా కోయక బీదలకు విడిచిపెట్టడం, కూలివాని కూలి తెల్లవారేదాకా మన దగ్గర ఉంచుకోకపోవడం, చెవిటివానిని తిట్టకపోవడం, చివరికి న్యాయమైన త్రాసు.

ఆ త్రాసు దగ్గరికి వచ్చేసరికి నాకు గొంతు పెగలదు. పెళ్లైన కొత్తలో నేను మన మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమస్తాను. కాయలో తేమ లేకపోయినా ఉందని చెప్పి, టిక్కీకి, అంటే మిర్చి బస్తాకు, రెండు కిలోల చొప్పున తరుగు తీసి వ్రాయమని యజమాని చెబితే, ఎండలో నిలబడి నా కలం వైపే చూస్తున్న రైతు ఎదుట వంచిన తల ఎత్తకుండా వ్రాశాను. ఆదివారం గాయక బృందంలో నిలబడి పరలోకాన్ని గూర్చి పాడిన గొంతూ నాదే. ఏడాదిన్నరకు ఆ పని మానుకున్నాను గాని, ఆ రైతులలో ఒక్కరి ఊరు కూడా అడిగి ఉంచుకోలేదు.

సరిగ్గా తూచినవాడికి పరలోకం కూలిగా దొరుకుతుందని నేననడం లేదు. అది క్రీస్తు తన రక్తంతో సంపాదించి ఉచితంగా ఇచ్చిన స్వాస్థ్యము, అంటే వారసత్వపు వాటా. తన వాటా పైన భద్రంగా ఉందని నిజంగా నమ్మినవాడికి ఎదుటివాడి బస్తాలో రెండు కిలోల అవసరమేముంటుంది? నేను దొంగిలించింది పేదరికం వల్ల కంటే అపనమ్మకం వల్లనే.

ఇక చదువు సంగతి. కూగ్లర్ అమ్మగారి పేరు మన ఊళ్లో ఆస్పత్రి వల్ల మీరు విన్నదే. అమెరికాలో వైద్యం చదివి 1883లో గుంటూరు వచ్చిన ఆమె, మగ డాక్టరుకు చూపించుకోలేని స్త్రీలకు వైద్యం చేస్తూ, 1930లో ఈ ఊళ్లోనే కన్నుమూసింది. పరలోకం మీద పెట్టుకున్న మనసు ఆమెను రోగి మంచం దగ్గరి నుండి లేవనివ్వలేదు. కాబట్టి లెక్కల పుస్తకం మూసేయకండి.

వచ్చే ఆదివారంలోగా ఆ 19వ అధ్యాయం ఇంట్లో అందరూ వినేలా చదవండి. కూలి వచనం రాగానే, మన ఇంట్లో అంట్లు తోమే ఆవిడకు ఈ నెల జీతం ఇచ్చామా అని అమ్మను అడగండి. ఆమె కోప్పడితే, ఈసారి తాతయ్యే అడగమన్నాడని చెప్పండి.

మీ
తాతయ్య