కండరంలో ముందు పిలుపు ఎవరికి?

"బరువు తగ్గించి ఇరవైసార్లు ఎత్తాలా, పెంచి ఐదుసార్లు ఎత్తాలా?" అని ఓ పాఠకుడు అడిగాడు. ఉత్తరం చివర్లో "నేను వాలీబాల్ ఆడతాను" అని ఓ ముక్క చేర్చాడు. అసలు సంగతంతా ఆ చివరి ముక్కలోనే ఉంది. దేనికోసం ఎత్తుతున్నారో తెలియకుండా ఎన్నిసార్లో చెప్పలేం. అలా ఎందుకో తెలియాలంటే కండరం లోపల పని ఎలా పంచుకుంటారో చూడాలి. శరీరశాస్త్రం మొత్తంలో నాకు ఇంతకంటే అందమైన విషయం కనపడలేదు.

ఇంట్లో సామాను జరుపుతున్నారనుకోండి. స్టూలు జరపడానికి చిన్నవాడు చాలు. బల్లకైతే ఇంకో ఇద్దరు ఓ చెయ్యి వెయ్యాలి. నిండు బీరువా జరపాలంటే లోపల పడుకున్న పెద్దన్నయ్యను కూడా లేపాల్సిందే. పెద్దన్నయ్యకు బలం ఎక్కువే కానీ తొందరగా అలసిపోతాడు. అందుకే స్టూలు కోసం ఆయన్ను ఎవరూ లేపరు.

కండరంలోనూ అంతే. వెన్నుపాములోని ఒక నరకణం, దాని మాట వినే కండర పోగులు కలిస్తే ఒక జట్టు. దీన్నే మోటార్ యూనిట్ అంటారు. పిక్కలో ఒక్కో నరకణం కింద వెయ్యికి పైగా పోగులుంటాయి. కంటిని తిప్పే కండరాల్లో ఆ లెక్క చాలా చిన్నది. చిన్న జట్లు ముందు, పెద్దవి తర్వాత పనిలోకి దిగుతాయని ఎల్‌వుడ్ హెన్నెమన్ అనే అమెరికన్ నాడీ శాస్త్రవేత్త పిల్లుల మీద ప్రయోగాలు చేసి 1957లో ప్రకటించాడు. ఈ వరుసను పెట్టేది మెదడు కాదు, ఓమ్ సూత్రం! చిన్న నరకణానికి పైపొర వైశాల్యం తక్కువ కాబట్టి విద్యుత్ నిరోధం ఎక్కువ. అందువల్ల ఒకే కరెంటు అందినా దాని వోల్టేజి ఎక్కువ పెరిగి, ఊరకే ఉన్నప్పటి మైనస్ 70 మిల్లీవోల్టుల దగ్గర్నుంచి సంకేతం పుట్టే మైనస్ 55 ప్రాంతానికి ముందుగా చేరి, అదే ముందు పేలుతుంది, అంటే తన పోగులకు సంకేతం పంపుతుంది. బడిలో ఓమ్ సూత్రాన్ని తీగలు, బల్బులతోనే చెప్పి వదిలేస్తారు. అదే సూత్రం మన వెన్నుపాములోనూ పనిచేస్తోందని చెబితే పిల్లలు ఎంత సంబరపడతారో!

ఇప్పుడు డంబెల్ పట్టుకుందాం. మోయగలిగినదాంట్లో సగం బరువు. మొదటి ఐదుసార్లు హాయిగా సాగుతాయి, చిన్నవాళ్లే పని చేస్తున్నారు. పన్నెండోసారికి వాళ్లు అలసిపోతారు, వాళ్లకు తోడుగా పెద్దవాళ్లకు పిలుపు వెళ్తుంది. ఇరవయ్యోసారి జాగ్రత్తగా గమనించండి. మీరు బలమంతా పెడుతున్నా చెయ్యి నెమ్మదిస్తుంది, మోచెయ్యి సన్నగా వణుకుతుంది. పెద్దన్నయ్య వచ్చాడని అదే గుర్తు. కండ పెరగడానికి కావలసింది ఈ చివరి నాలుగైదే. అందుకే కండ పెంచుకోవడమే లక్ష్యమైతే ఎనిమిదిసార్లు ఎత్తే బరువైనా, పాతికసార్లు ఎత్తేదైనా ఫలితంలో పెద్ద తేడా ఉండదు, ఇక ఎత్తలేనన్న చోటు దాకా వెళ్తే చాలు. వణుకు మొదలవకముందే ఆపేసి, పైగా సెట్లు (ఆగకుండా ఎత్తే విడతలు) లెక్కపెట్టుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

బలం సంగతి వేరు. నాలుగైదుసార్లు మాత్రమే ఎత్తగలిగే బరువు పెడితే పెద్ద జట్లకు మొదటిసారే పిలుపు వెళ్తుంది. చేతులు, కాళ్ల పెద్ద కండరాల్లో గరిష్ఠ బలంలో సుమారు 80 శాతం దాటేసరికి దాదాపు జట్లన్నీ పనిలోకి దిగిపోతాయి. ఆపైన బలం పెరగాలంటే ఒక్కో నరకణం సెకనుకు ఎక్కువసార్లు పేలాలి. అది నాడీవ్యవస్థ నేర్చుకోవలసిన విద్య. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు మొదటి కొన్ని వారాల్లో కండ పెద్దగా పెరగకుండానే బలం పెరగడానికి కారణం ఇదే. విద్య నేర్చుకునేటప్పుడు అలసట పనికిరాదు, సెట్‌కీ సెట్‌కీ మధ్య మూడు నిమిషాలైనా ఆగాలి.

స్ప్రింటర్‌కు ఈ బలం ఒక్కటే చాలదు. పూర్తి వేగంలో అతని పాదం నేలను తాకి ఉండేది సెకనులో పదోవంతు. కండరం గరిష్ఠ బలానికి చేరాలంటే అంతకు మూడింతల సమయం కావాలి. అంటే ఎంత బలం ఉందన్నదానికంటే ఎంత త్వరగా వస్తుందన్నదే ముఖ్యం. తేలికైన బరువునైనా ఒక్క ఉదుటున విసిరినట్టు ఎత్తితే పెద్ద జట్లు చాలా ముందే దిగుతాయి. వరుస మారదు, అందరినీ ఒక్క కేకతో లేపినట్టన్నమాట.

దూరం పరిగెత్తేవాళ్లు తేలిక బరువులతో ముప్ఫైసార్లు చేస్తుంటారు. చిన్నజట్లకు ఆ పని పరుగులోనే బోలెడంత దొరుకుతుంది. వాళ్లకూ బరువైన స్క్వాట్లే (బరువు మోస్తూ గుంజీలు తీసినట్టు కూర్చుని లేవడం) మేలు. కాలు బలపడితే ప్రతి అడుగూ ఆ బలంలో చిన్న వాటాతో సరిపోతుంది, పెద్దవాళ్లను లేపే అవసరం ఆలస్యంగా వస్తుంది.

బరువులెత్తితే పిల్లలు పొట్టిగా ఉండిపోతారన్నది, మానేస్తే కండ కొవ్వుగా మారిపోతుందన్నది ఉత్త నమ్మకాలు. కండ, కొవ్వు వేర్వేరు కణజాలాలు, ఒకటి ఇంకొకటిగా మారదు.

వాలీబాల్ ఆడే ఆ పాఠకుడికి నా జవాబు: వారానికి రెండు రోజులు ఐదేసిసార్ల బరువైన స్క్వాట్లు, మూడు నాలుగు సెట్లు. కాళ్లు తాజాగా ఉన్నప్పుడు, స్క్వాట్లకు ముందే గెంతులు. వాటికి మీ ఒంటి బరువు చాలు. ఒక్కో గెంతూ పూర్తి ఎత్తుకు. ఎత్తు తగ్గిందనిపించగానే, ఊపు ఇంకా ఉన్నా సరే, ఆ రోజుకు గెంతులు ఆపేయండి.