ఇల్యూజన్ షోలు, బుకింగ్‌లు: అపోహలు - వాస్తవాలు

మ్యాజిక్ నేర్చుకుంటున్నవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేవి రెండు ప్రశ్నలు. ఏ ఇల్యూజన్ పెట్టె (స్టేజి మీద పెద్ద సామానుతో చేసే మ్యాజిక్‌కి వాడేది) కొనాలి? షోలు ఎలా వస్తాయి? ఈ రెంటి వెనకా కొన్ని గట్టి నమ్మకాలు ఉంటాయి. వాటివల్ల డబ్బు పోగొట్టుకున్నవాళ్ళనీ, మంచి చెయ్యి ఉండి కూడా విసిగి వదిలేసినవాళ్ళనీ చూశాను. షో బుక్ చేసేవాళ్ళు మనకి డబ్బిచ్చేది ఒక భరోసా కోసం. తమ కార్యక్రమంలో మనకిచ్చిన ఆ సమయం ఏ చిక్కూ లేకుండా, జనం కుర్చీలు వదలకుండా సాగిపోవాలి. ఈ సంగతి బుర్రకెక్కితే కింద రాసినవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

అపోహ: పెద్ద పెట్టెలు ఉంటేనే ఇల్యూజనిస్ట్.

మనిషిని రెండు ముక్కలు చేసే పెట్టె, గాల్లోకి లేపే బల్ల, కత్తులు గుచ్చే బుట్ట లేకుండా స్టేజి ఎక్కడం దేనికని చాలామంది అప్పు చేసి మరీ కొంటారు. కొన్నాక ఒక్కొక్కటే బయటపడుతుంది. అది మామూలు తలుపులో పట్టదు. అద్దె బండి సరిపోదు. బిగించడానికి పట్టేంత సేపు హాలువాళ్ళు స్టేజి ఖాళీగా ఇవ్వరు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు యాంగిల్స్, అంటే జనం ఏ కోణం నుంచి చూస్తున్నారన్నది. కర్టెన్, సైడ్ వింగ్స్ (స్టేజికి రెండు పక్కలా ఉండే చాటు) ఉన్న థియేటర్ కోసం తయారైన ఐటమ్‌ని మూడు పక్కలా జనం కూర్చున్న గదిలో చేస్తే పని బయటపడిపోతుంది. కొత్తవాళ్ళకి వచ్చే షోలు చాలావరకు అలాంటి గదుల్లోనే. అందుకే ఏ ఇల్యూజన్ కొనేముందైనా అమ్మేవాళ్ళని గుచ్చి గుచ్చి అడగండి. ఏ సీటునుంచి చూస్తే దొరికిపోతాం? వెనక తెర తప్పనిసరా? ఎంతమంది మోయాలి? ఎన్ని నిమిషాల్లో బిగించొచ్చు? లోపలికి వెళ్ళే మనిషి ఎత్తు, ఒళ్ళు ఎంతవరకు ఉండొచ్చు? ఈ చివరి ప్రశ్న అడగడం చాలామంది మర్చిపోతారు. అసలు కష్టమంతా చాలా ఇల్యూజన్లలో లోపల ఉన్న మనిషిదే. ఆ అసిస్టెంట్‌కి రిహార్సల్ రోజులకి కూడా డబ్బివ్వాలి, పోస్టర్ మీద పేరు వేయాలి. అలా చూసుకోని బృందాలు ఎక్కువ కాలం నిలవడం నేను చూడలేదు.

మొదట ఒక్క బ్యాగులో పట్టే పది నిమిషాల ఐటమ్ తయారుచేసుకోండి. తాళ్ళు, రుమాళ్ళు, రింగులు, పేకముక్కలు ఏవైనా సరే. ఏ గదిలోనైనా, ఏ వెలుతురులోనైనా చేయగలగాలి. అది ఇరవై, తర్వాత నలభై నిమిషాలు కావాలి. దానికి డబ్బిచ్చే మనుషులు దొరికాక, వాళ్ళే 'ఇంకేదైనా పెద్దది ఉందా' అని అడగడం మొదలుపెట్టాక పెట్టె గురించి ఆలోచించవచ్చు.

అపోహ: రహస్యం తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

1922లో చికాగోలో డాయ్ వెర్నన్ అనే మెజీషియన్ ఒక పేకముక్క ఐటమ్ చూపించాడు. మధ్యలో పెట్టిన ముక్క ప్రతిసారీ పైకి వచ్చేస్తోంది. ఎదురుగా ఉన్నది సంకెళ్ళు విడిపించుకోవడంలో పేరుమోసిన మెజీషియన్ హౌడినీ. మళ్ళీ మళ్ళీ చేయించుకుని చూసినా అంతు చిక్కలేదు. వృత్తి రహస్యాలన్నీ తెలిసిన మనిషినే నిలబెట్టేసింది చేతివాటం, ఏళ్ళ సాధన.

ఇక నాటకీయత సంగతి. 1956 ఏప్రిల్‌లో మన దేశపు మెజీషియన్ పి.సి. సర్కార్ బీబీసీ ‘పనోరమా’ కార్యక్రమంలో అమ్మాయిని రంపంతో కోసే ఐటమ్ చేశారు. ఆమె ఇంకా లేవకముందే కార్యక్రమం సమయం అయిపోయింది. చూస్తున్నవాళ్ళు భయపడి బీబీసీకి ఫోన్లమీద ఫోన్లు చేశారు. మర్నాడు పత్రికల నిండా అదే వార్త. లండన్ థియేటర్‌లో ఆయన షోలకి జనం విరగబడ్డారు. మనిషిని కోయడం అప్పటికి కొత్తేమీ కాదు, సెల్బిట్ అనే మెజీషియన్ అదే లండన్‌లో 1921లోనే చేసి చూపించాడు. ఎక్కడ ఆపాలో, జనాన్ని ఏ క్షణంలో ఊపిరి బిగపట్టేలా చేయాలో తెలిసినవాడి చేతిలో పాత ఐటమ్ కూడా వార్త అవుతుంది. మీరు రిహార్సల్ చేసేటప్పుడు చేతుల్ని మాత్రమే కాకుండా మాటల్నీ, మౌనాన్నీ, నడకనీ, చప్పట్లకోసం ఆగే చోటునీ సాధన చేయండి. వీడియో తీసుకుని చూసుకోండి.

అపోహ: అన్నిరకాల మ్యాజిక్ వస్తేనే బుకింగ్‌లు.

హౌడినీ కూడా మొదట్లో పేకముక్కలు, పెట్టెలో ఉన్న మనిషి బయటి మనిషితో మారిపోయే ఐటమ్, సంకెళ్ళు అన్నీ చేశాడు, రాబడి మాత్రం అంతంతే. 1899లో మార్టిన్ బెక్ అనే బుకింగ్ పెద్ద అతని సంకెళ్ళ ఐటమ్ చూసి, తన థియేటర్ల వరసలో అవకాశం ఇచ్చాడు. ఆ తర్వాతే హౌడినీ దశ తిరిగింది. బుక్ చేసేవాళ్ళకి మీ గురించి ఇంకొకరికి ఒక్క వాక్యంలో చెప్పగలిగేది ఏదో ఒకటి కావాలి. 'పిల్లల్ని పడీపడీ నవ్విస్తాడు', 'మాట్లాడకుండా సంగీతంతో మొత్తం చేస్తుంది' లాంటిది.

అపోహ: మొదట్లో ఉచితంగా చేస్తూ పోతే, డబ్బులు వాటంతట అవే వస్తాయి.

ఉచితంగా చేసే షోకి ఒక పని ఉండాలి. కొత్త ఐటమ్‌ని జనం ముందు పరీక్షించడానికో, మంచి వీడియో కోసమో, మనసుకి నచ్చిన సేవకోసమో చేయండి. అప్పుడు కూడా మీ మామూలు రేటు కాగితం మీద రాసి, ఈసారికి తీసుకోవడం లేదని చెప్పండి. 'ఉచితంగా చేసే మనిషి' అని ఒక్కసారి పేరుపడితే, అదే ఊళ్ళో అదే మనుషుల్ని డబ్బు అడగడం మహా కష్టం.

రేటు చెప్పడానికి ముందు అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఏ సందర్భం, ఎంతమంది, ఏ వయసువాళ్ళు, లోపలా బయటా, స్టేజి ఎంత, మైక్ ఎవరిది, మన ముందు ఏముంది, తర్వాత ఏముంది. భోజనాలు వడ్డిస్తుండగా షో పెట్టాలంటే ముందే కాదనండి, వేళ మార్చమనండి. రేటులో స్టేజి మీద ఉన్న నిమిషాలనే లెక్కేయకండి. ప్రయాణం, సామాను ఎక్కించడం దించడం, బిగించడం, అసిస్టెంట్ జీతం, ప్రతి షోకీ ఖర్చయిపోయే వస్తువులు, ఇన్సూరెన్స్, ఆ రోజు వేరే పని వదులుకోవడం, ఇవన్నీ అందులోనే రావాలి.

తర్వాత ఒక్క పేజీ ఒప్పందం. తేదీ, చేరే సమయం, మొదలయ్యే సమయం, నిడివి, స్టేజి కొలతలు, మారడానికి గది, వెనక ఎవరూ కూర్చోకూడదన్న షరతు, అడ్వాన్స్, మిగతాది ఎప్పుడు, రద్దయితే ఏమిటి. స్నేహితుల ద్వారా వచ్చిన షోకి ఇంకా తప్పకుండా రాయించుకోండి. అడ్వాన్స్ చేతికి రానంతవరకు ఆ తేదీ మీది కాదు, వాళ్ళది కూడా కాదు.

అపోహ: ఒక వీడియో వైరల్ అయితే చాలు.

పది సెకన్ల వీడియో చూసి లైకులు కొట్టేవాళ్ళు వేరు, హాలుకి డబ్బు కట్టి మనల్ని పిలిచేవాళ్ళు వేరు. రెండోవాళ్ళకి నిజమైన జనం ముందు తీసిన రెండు మూడు నిమిషాల ముక్క కావాలి. జనం మొహాలు కనపడాలి, మన గొంతు వినపడాలి, ఒక ఐటమ్ అయినా మధ్యలో కట్ లేకుండా ఉండాలి. అడిగితే పూర్తి షో రికార్డింగ్ కూడా పంపగలగాలి.

అపోహ: ఏజెంట్ దొరికితే ఇక కూర్చుని తినొచ్చు.

ఏజెంట్ కమిషన్ తీసుకుంటాడు, న్యాయమే. కానీ వేళకి వచ్చి, మర్యాదగా ఉండి, ఫిర్యాదు తేనివాళ్ళకే మళ్ళీ పని ఇస్తాడు. అతని ద్వారా వెళ్ళిన షోలో ఎవరైనా మీ నంబర్ అడిగితే అతని నంబరే ఇవ్వండి. ఈ ఒక్క నియమం తప్పినవాళ్ళ పేర్లు ఏజెంట్లందరికీ ఇట్టే తెలిసిపోతాయి. ఏజెంట్‌తో పాటు ఫొటోగ్రాఫర్లు, యాంకర్లు, అలంకరణ చేసేవాళ్ళతో పరిచయం ఉంచుకోండి. నాకు తెలిసి మంచి షోలు ఎక్కువ ఇలాగే వచ్చాయి.

అపోహ: ఎవరి ఐటమ్ అయినా చూసి చేసేయొచ్చు.

రాబర్ట్ హార్బిన్ అనే మెజీషియన్ 1965లో జిగ్‌జాగ్ ఇల్యూజన్ (పెట్టెలో నిలబడ్డ మనిషి నడుము భాగం పక్కకి జరిగిపోయినట్టు కనిపించేది) తయారుచేస్తే, అనుమతి లేకుండా కట్టుకున్నవాళ్ళు లెక్కలేనంతమంది. టెల్లర్ అనే మెజీషియన్ తన ఐటమ్‌ని కాపీ కొట్టారని వేసిన కేసులో 2014లో అమెరికా కోర్టు ట్రిక్ పద్ధతికి కాపీరైట్ లేకపోయినా, దాన్ని మూకాభినయంగా మలిచిన ప్రదర్శనకి ఉంటుందని తేల్చింది. చట్టం సంగతి అలా ఉంచితే, తయారుచేసినవాళ్ళ దగ్గర కొని, హక్కు ఉందో లేదో అడిగి చేసేవాళ్ళకే తోటి మెజీషియన్లు తలుపు తీస్తారు. 1902లో మొదలైన సొసైటీ ఆఫ్ అమెరికన్ మెజీషియన్స్, 1905 నాటి లండన్ మ్యాజిక్ సర్కిల్ లాంటి సంఘాలు ఆ నమ్మకం మీదే నడుస్తున్నాయి. దగ్గర్లో ఏ సంఘం ఉన్నా చేరండి. మొదటి బదిలీ షోలు అక్కడినుంచే వస్తాయి. ఎవరికో జ్వరం వస్తే మీకు ఫోన్ వస్తుంది.

అపోహ: ప్రాణం మీదికి తెచ్చుకుంటేనే జనం చూస్తారు.

చుంగ్ లింగ్ సూ పేరుతో ఆడిన మెజీషియన్ విలియం రాబిన్సన్ 1918 మార్చిలో లండన్ స్టేజి మీద తుపాకీ గుండు పట్టే ఐటమ్‌లో గాయపడి మర్నాడు చనిపోయాడు. ఏళ్ళ తరబడి వాడిన తుపాకీ లోపల అరిగిపోయింది. కాబట్టి ప్రతి షో ముందూ ప్రతి బోల్టు, ప్రతి తాడు, ప్రతి లాక్ మీ చేత్తో మీరే చూసుకోండి. నిప్పు వాడితే హాలు యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, ఆర్పే సాధనం పట్టుకుని ఒక మనిషి సైడ్ వింగ్‌లో నిలబడాలి. పెట్టెలోకి వెళ్ళే అసిస్టెంట్ 'ఈరోజు ఒంట్లో బాగోలేదు' అంటే ఆ ఐటమ్ తీసేసి, బ్యాగులో ఉన్న ఆ పది నిమిషాలది చేయండి.