మబ్బులో ఎగరనన్నందుకు ఉద్యోగం పోయింది

1919 జులై. న్యూయార్క్ శివార్లలోని బెల్మాంట్ పార్క్ మైదానాన్ని దట్టమైన పొగమంచు కమ్మేసింది. ఉత్తరాల సంచులు సిద్ధంగా ఉన్నాయి. పైలట్లు లియోన్ స్మిత్, హామిల్టన్ లీ మాత్రం ఈ వాతావరణంలో ఎగరం అన్నారు. వాషింగ్టన్‌లో కూర్చుని ఎయిర్ మెయిల్ నడిపిస్తున్న తపాలా అధికారి ఓటో ప్రేగర్ ఇద్దరినీ పీకేశాడు. దాంతో మిగతా పైలట్లు సమ్మెకు దిగారు.

పిరికితనమా అది? కాదు, సైన్స్ వాళ్ల పక్షానే ఉంది. మన లోపలి చెవిలో ద్రవంతో నిండిన మూడు అర్ధవృత్తాకార నాళాలు ఉంటాయి. తల తిరిగినప్పుడు ఆ ద్రవం కాస్త వెనకబడుతుంది; తిరుగుతున్నామని మెదడుకు తెలిసేది అలాగే. కానీ మలుపు ఒకే వేగంతో ఇరవై సెకన్లపాటు సాగితే ద్రవం కూడా నాళాలతో సమానంగా తిరగడం మొదలెడుతుంది. ఇక విమానం తిన్నగానే పోతున్నట్టు అనిపిస్తుంది. అప్పుడు దాన్ని నిజంగానే సరిచేస్తే, అవతలి వైపుకు తిరుగుతున్నట్టు భ్రమ కలుగుతుంది. పైలట్ మళ్లీ పాత మలుపులోకే దించుతాడు. విమానం సుడి తిరుగుతూ నేలకు దిగిపోతుంది. నేల, ఆకాశం కలిసే గీత కంటికి కనబడితే ఈ మోసం సాగదు. మబ్బులో అది కనబడదు. బయటికి చూడకుండా పరికరాలనే నమ్మి ఎగిరి, దిగి చూపించడం అమెరికా సైనిక పైలట్ జిమ్మీ డూలిటిల్‌కు సాధ్యమైంది 1929లో, అంటే ఈ సమ్మె జరిగిన పదేళ్లకు.

సమ్మె కొద్ది రోజుల్లోనే ముగిసింది. ఒప్పందంలో నాకు బాగా నచ్చిన షరతు ఒకటుంది: పైలట్ ఎగరనంటే, మైదానం మేనేజర్ తానే విమానమెక్కి పైకెళ్లి వాతావరణం చూసి రావాలి. లీని తిరిగి తీసుకున్నారు. స్మిత్‌ను తీసుకోలేదు.

1925 చట్టంతో ఎయిర్ మెయిల్ మోసే పని ప్రైవేటు కంపెనీల కాంట్రాక్టులకు వెళ్లింది. మరుసటి ఏడాది చట్టం పైలట్లకు లైసెన్సు, విమానాలకు తనిఖీ తప్పనిసరి చేసింది. పైలట్ల జీతం, పనిగంటల గొడవ మాత్రం తేలలేదు. అసలు తగాదా వేగంతో వచ్చింది. ఫోర్డ్ ట్రైమోటార్ విమానం గంటకు 170 కిలోమీటర్ల చుట్టుపక్కల పోయేది. 1933లో వచ్చిన బోయింగ్ 247 దాదాపు 300. మైలుకింత అని జీతమిస్తే, కొత్త విమానం వచ్చినప్పుడల్లా పైలట్‌కు లాభం. కంపెనీలేమో గంటల లెక్కన ఇస్తామన్నాయి. వేగం వల్ల వచ్చే లాభమంతా తమకే మిగలాలని!

డేవిడ్ బెంకీ నాయకత్వంలో 1931లో షికాగోలో పుట్టిన పైలట్ల సంఘం దీన్ని జాతీయ కార్మిక బోర్డు ముందుకు తీసుకెళ్లింది. 1934లో వచ్చిన 83వ తీర్పు మధ్యేమార్గం చూపింది: మూల వేతనం, గంటల భత్యం, పైన మైళ్ల భత్యం. ఎగరడం నెలకు 85 గంటలు మించకూడదు. 1938 పౌర విమానయాన చట్టం ఈ తీర్పును తనలో కలుపుకుంది.

అదే విమానాల్లో 1930 నుంచే ఎయిర్ హోస్టెస్‌లు పనిచేస్తున్నారు. మొదటి ఆవిడ ఎలెన్ చర్చ్, నర్సు. వాళ్ల డ్యూటీ గంటలకు అమెరికా ప్రభుత్వం పరిమితి పెట్టింది 1994లో.